బేరింగు మార్చినా మీటరు దిగలేదంటే

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైస్ మిల్లు. డిప్లొమా చదివి అక్కడే మెయింటెనెన్స్ చూస్తున్నాను. సంక్రాంతి తర్వాత ఊక లాగే ఫ్యానుకు బేరింగు రెండుసార్లు పోయింది. 30 హార్స్‌పవర్ మోటారు, బెల్టు డ్రైవు. ఫ్యాను షాఫ్టు నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంది. రెండు వైపులా 6310 బాల్ బేరింగులే, కానీ ఎప్పుడూ పుల్లీ వైపుదే పోతోంది. మా యజమాని వైబ్రేషన్ మీటరు కొనిచ్చారు. పాత బేరింగు మీద 6.2 మి.మీ./సె. చూపింది, కొత్తది వేశాక 6.0 చూపుతోంది. మీటరు చెడిపోయిందా? అంకె ఎంత దాటితే బేరింగు మార్చాలి? మా పెద్ద ఫిట్టరు గారు మీటరు వంక కన్నెత్తి కూడా చూడరు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని ‘ఇంకో వారం ఆడుతుందిలే’ అంటారు. ఇంతలో ఒక కంపెనీవాళ్లు వచ్చి, అన్నిటికీ వైర్‌లెస్ సెన్సార్లు పెట్టుకుంటే ఏ బేరింగు ఏ తేదీన పోతుందో ఫోనుకే వస్తుందన్నారు. కొనమంటారా?
— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ మీటరు చెడిపోలేదు. బేరింగు మార్చినా అంకె దిగలేదంటే, ఆ అదురు బేరింగులో పుట్టింది కాదని అర్థం. అది ఫ్యానులో పుడుతోంది, బేరింగు దాన్ని మోస్తోంది. దెబ్బలు తినేవాణ్నే దోషిగా నిలబెట్టి రెండుసార్లు మార్చారు. మూడోసారి మార్చినా ఇదే జరుగుతుంది.

పెన్నులాంటి చిన్న మీటర్లలో మి.మీ./సె. అని కనిపించే అంకె సాధారణంగా 10 నుంచి 1,000 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు) లోపు కంపనాలన్నిటి వేగాన్నీ ఒక్కటిగా కలిపి చూపేది. మీ ఫ్యాను సెకనుకు 20 చుట్లు తిరుగుతోంది. బ్లేడ్ల బరువులో తేడా ఉంటే 20 హెర్ట్జ్ దగ్గర పెద్ద అదురు వచ్చి ఆ అంకెను దాదాపు తానే నింపేస్తుంది. బేరింగు రేసు (రింగులో గోళీలు దొర్లే గాడి) మీద ఆవగింజంత పెచ్చు లేచినప్పుడు పుట్టే చప్పుడు వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. వేగం లెక్కలో దాని వాటా ఉండీ లేనట్టే. అది పెరిగి పెరిగి మి.మీ./సె. అంకెను కదిలించేనాటికి మీటరు అక్కర్లేదు, వీధిలో పోయేవాళ్లకే వినిపిస్తుంది.

ఇక హద్దుల సంగతి. అందరూ చూపించే పట్టిక ఐఎస్ఓ 10816 అనే అంతర్జాతీయ ప్రమాణం మూడో భాగంలోది, ఇప్పుడది 20816 వరుసలోకి మారింది. 15 నుంచి 300 కిలోవాట్ల యంత్రం గట్టి కాంక్రీటు పునాది మీద ఉంటే 2.8 వరకు నిశ్చింతగా నడుపుకోవచ్చు, 4.5 దాటితే యంత్రానికి హాని. ఇనుప చట్రం మీద, కాస్త ఊగే ఆధారం మీద ఉంటే ఆ రెండు హద్దులూ 4.5, 7.1 అవుతాయి. మీది సుమారు 22 కిలోవాట్లు. ఫ్యాను నేల మీద ఉందో మేడ మీద చట్రానికి బిగించి ఉందో మీరు రాయలేదు. నేల మీదైతే 6.2 ప్రమాదం, చట్రం మీదైతే ‘త్వరగా చూసుకోండి’ అనే హెచ్చరిక. ఎటు చూసినా అది మొత్తం యంత్రం ఆరోగ్యం చెప్పే అంకె. ఇంత దాటితే బేరింగు మార్చమని ఆ పట్టికలో ఎక్కడా లేదు. ‘4.5 దాటింది, బేరింగు మార్చండి’ అనేవారు పట్టికను చూసి ఉంటారు గానీ చదివి ఉండరు.

ముందు ఫ్యాను పని పట్టండి. ఊకలో సిలికా ఉంటుంది. అది బ్లేడ్ల అంచులను అరగదీస్తుంది, అన్నిటినీ సమానంగా కాదు. దానికి తోడు దుమ్ము, తవుడు తేమకు బ్లేడ్ల వెనక అట్టకడతాయి. ఒక రోజు ఒక బ్లేడు మీది అట్ట ఊడిపడుతుంది, మిగతా వాటి మీద అలాగే ఉంటుంది. నిన్నటిదాకా సాఫీగా తిరిగిన ఫ్యాను ఇవాళ అదరడానికి చాలాసార్లు ఇదే కారణం. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకుని, బ్లేడ్లను వైరు బ్రష్షుతో శుభ్రంగా గీకించండి. తర్వాత అడ్డంగా, నిలువుగా, షాఫ్టు వెంబడి మూడు దిక్కులా మీటరు పెట్టి రాసుకోండి. అడ్డం అంకె ఎక్కువగా ఉండి షాఫ్టు వెంబడి అంకె తక్కువగా ఉంటే బరువు తేడా మీదే అనుమానం. ఫ్యాను రెండు బేరింగుల మధ్య కాకుండా చివరకు వేలాడుతున్నట్టు ఉంటే మాత్రం బరువు తేడా షాఫ్టు వెంబడి కూడా కనిపిస్తుంది, దాన్ని చూసి అలైన్‌మెంట్ తప్పిందని తొందరపడవద్దు. శుభ్రం చేశాక కూడా అంకె దిగకపోతే ఫ్యానును విప్పకుండా అక్కడే ట్రయల్ వెయిట్ (పరీక్షకు తగిలించే చిన్న బరువు) పెట్టి బ్యాలెన్స్ చేసేవారిని పిలిపించండి. మూడో బేరింగు కొనే ముందు చేయాల్సిన ఖర్చు ఇది.

అరిగిన బ్లేడ్లకు మీ దగ్గర పట్టీలు వెల్డింగు చేస్తుంటారా? చేస్తుంటే ఎర్తు క్లాంపు ఎక్కడ పెడుతున్నారో వెళ్లి చూడండి. సాధారణంగా చేతికి అందిన చట్రానికో మోటారు బేసుకో తగిలిస్తారు. అప్పుడు వెల్డింగు కరెంటు బ్లేడు నుంచి షాఫ్టుకు, షాఫ్టు నుంచి బేరింగు గోళీల గుండా చట్రానికి పోతుంది. గోళీ రేసును తాకే చోట సూదిమొనంత గుంటలు పడతాయి. బేరింగు ఆ రోజు పోదు. కొన్ని వారాలకు పోతుంది, అప్పటికి వెల్డింగు సంగతి ఎవరికీ గుర్తుండదు. క్లాంపును వెల్డింగు చేస్తున్న ఫ్యానుకే, ఆ అతుకు పక్కనే తగిలించాలి.

ఇప్పుడు నేను మీ నుంచి అన్నిటికంటే ఎక్కువగా కోరేది: తీసేసిన బేరింగును పాత ఇనుము బస్తాలో పడేయకండి. కోయించి చూడండి. మీటరు చెప్పలేని సంగతి అది చెబుతుంది. బెల్టు లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది కాబట్టి బెల్టు అతిగా బిగిసి ఉంటే బయటి రింగులో ఆ వైపు మాత్రమే, ఒక వంపు మేర అరుగుదల కనిపిస్తుంది. లోపలి రింగు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాని మీద దారి చుట్టూ సమానంగా ఉంటుంది. ఫ్యాను బరువు తేడా అయితే దీనికి పూర్తిగా తలకిందులు. ఆ బరువు షాఫ్టుతో పాటే తిరుగుతుంది. అందువల్ల లోపలి రింగులో ఒక్కచోటే దెబ్బ, బయటి రింగులో చుట్టూ దారి. మీ పుల్లీ వైపు బేరింగే పోతోందన్నారు, మీటరేమో ఫ్యాను వైపు వేలు చూపుతోంది. నా అనుమానం రెండూ ఉన్నాయని. పంచాయితీ తీర్చాల్సింది ఆ రింగులే.

గోళీల మధ్య దూరంతోనే వరుసగా గుంటలు కనిపిస్తే కథ వేరు. అవి రేసు ఒక పక్క అంచున ఉంటే బిగించేటప్పుడు సుత్తి దెబ్బ గోళీల మీదుగా పోయిందన్నమాట. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి, బయటి రింగును కొట్టకూడదు. నూనెలోనో ఇండక్షన్ హీటరు మీదో వేడిచేసి జార్చడం మేలు, 110 డిగ్రీలు దాటనివ్వవద్దు. గుంటలు రేసు నడుమ, ఎర్రటి తుప్పుపొడితో ఉంటే ఆగి ఉన్న రోజుల్లో పడినవి. పంట అయిపోయి ఈ ఫ్యాను ఆగినా, పక్క యంత్రం నడుస్తుంటే నేల అదురు దీనికీ వస్తుంది. గోళీలు ఒకేచోట కూర్చుని రాసుకుంటూ గ్రీజును పక్కకు నెట్టేస్తాయి. ఎడగారు (రెండో పంట) ధాన్యం వచ్చేదాకా ఆపి ఉంచే యంత్రాల షాఫ్టును వారానికోసారి చేత్తో కొంత తిప్పి వేరే చోట ఆపితే చాలు. పైసా ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ చేయరు.

బెల్టుల బిగువు మీద ఒక మాట. జారుతోందని బిగిస్తూ పోతే పుల్లీ వైపు బేరింగు మీద బరువు పెరుగుతుంది, బాల్ బేరింగుల మీద బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు పుల్లీల మధ్య మీటరు నిడివికి సుమారు 16 మిల్లీమీటర్లు వంగాలన్నది వి-బెల్టులకు వాడుకలో ఉన్న లెక్క, ఎంత బలంతో నొక్కాలో బెల్టు తయారీదారు పట్టికలో ఉంటుంది. ఒక్క బెల్టు తెగితే ఒక్కటే మార్చడం పొదుపు కాదు, కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది. సెట్టు మొత్తం మార్చాలి.

బేరింగు మాట బేరింగు నోటే వినాలంటే ఏం చేయాలన్నది మీ అసలు ప్రశ్న. మీ మీటరులో జీ అనే గుర్తుతో త్వరణం చూపే మీట ఉండాలి, కొన్నిటిలో బేరింగుల కోసం ఎక్కువ ఫ్రీక్వెన్సీల వరుస విడిగా ఉంటుంది. బేరింగుకు రాయాల్సిన అంకె అది. దానికి అన్ని యంత్రాలకూ చెల్లే హద్దు లేదు. కొత్త బేరింగు వేసి కొన్ని గంటలు నడిచాక ఎంత ఉందో అదే దాని సొంత కొలత. అది రెట్టింపైతే చెవి ఒగ్గాలి, ఇంకా ఎగబాకుతూ పోతే విడి బేరింగు తెప్పించి పెట్టుకోవాలి.

దీనికంటే లోతుగా చూడాలంటే స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత అదురు ఉందో గీతలుగా చూపే పటం) ఇచ్చే పరికరం కావాలి, అది అద్దెకు తెచ్చే నిపుణుల పని. అయినా లెక్క మీకు తెలిసి ఉంటే వాళ్లు చెప్పింది తూచుకోగలరు. 6310లో సాధారణంగా 8 గోళీలు ఉంటాయి. బయటి రేసులో ఒకచోట పెచ్చు లేస్తే షాఫ్టు ఒక చుట్టు తిరిగేసరికి సుమారు 3.05 గోళీలు దాని మీదుగా పోతాయి, లోపలి రేసులో అయితే సుమారు 4.95. మీ 20 హెర్ట్జ్ వేగానికి అవి 61, 99 హెర్ట్జ్. రెండూ కలిపితే 160, అంటే 8 గోళీలు ఇంటూ 20, లెక్క సరిపోయింది. గోళీలు కాస్త జారుతాయి కనుక నిజంగా కనిపించే అంకె ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉండవచ్చు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. మీ షాఫ్టు వేగానికి మూడు రెట్లు 60 హెర్ట్జ్, బయటి రేసు 61. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటారులో సహజంగా పుట్టే గుంయిమనే మోత 100 హెర్ట్జ్, లోపలి రేసు 99. వెయ్యి హెర్ట్జ్‌ను 400 గీతలుగా కోసిన స్పెక్ట్రమ్‌లో గీతకూ గీతకూ మధ్య 2.5 హెర్ట్జ్ దూరం. అందులో 60, 61 ఒకే గీతలో ఇరుక్కుంటాయి. అలాంటి కాగితం చూపించి ‘బయటి రేసు పోయింది’ అంటే ఒప్పుకోకండి. ఐదో రెట్టు చూపించమనండి, అక్కడ 300కూ 305కూ తేడా తెలుస్తుంది. 100 మీద అనుమానం ఉంటే నడుస్తుండగా మోటారు స్విచ్చి ఆపి చూడమనండి. కరెంటు మోత టక్కున మాయమవుతుంది, బేరింగుది వేగంతో పాటు నెమ్మదిగా జారుతుంది. లోపలి రేసు దెబ్బకు మరో సాక్ష్యం కూడా ఉంటుంది. అది చుట్టుకోసారి బరువు పడే చోటికి వచ్చి పోతుంది కనుక 99కి అటూ ఇటూ 20 హెర్ట్జ్ దూరంలో, 79, 119 దగ్గర పక్కగీతలు లేస్తాయి.

నిపుణులు ‘ఎన్వలప్’ అనే మాట వాడతారు. కంచరి బిందె మీద సుత్తి వేస్తుంటే బిందె మోగే స్వరం ఒకటి, సుత్తి ఎంతసేపటికోసారి పడుతోందన్నది మరొకటి. గోళీ గుంటలో పడ్డ ప్రతిసారీ హౌసింగ్ (బేరింగు కూర్చునే గూడు) వేల హెర్ట్జ్‌లలో క్షణం మోగి ఆగిపోతుంది. ఎన్వలప్ ఆ స్వరాన్ని పక్కన పెట్టి దెబ్బలను మాత్రమే లెక్కపెడుతుంది. ఫ్యాను 20 హెర్ట్జ్ హోరు అందులో ముందే వడకట్టి పారేస్తారు కాబట్టి, ఇంకా చిన్నగా ఉన్న పెచ్చు కూడా 61 దగ్గర తలెత్తి కనిపిస్తుంది.

ఇప్పుడు మీ పెద్ద ఫిట్టరు గారి దగ్గరికి వద్దాం. ఆయన స్క్రూడ్రైవరును తక్కువగా చూడకండి. మనిషి చెవి బాగా పట్టే శబ్దాలు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ ప్రాంతానివి. బేరింగు చిటపటలు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. మి.మీ./సె. మీట మీద పెట్టిన మీ మీటరుకు వినిపించనిది ఆయనకు వినిపిస్తోంది. ఆయనకు లేనిది ఒక్కటే, పోయిన నెల శబ్దాన్ని ఇవాళ్టి దాని పక్కన పెట్టి చూసే వీలు. అది మీ చేతిలో ఉంది. మీరు మీటరు పెట్టిన ప్రతిసారీ ఆయన్ను కూడా విని చెప్పమనండి, ఆయన మాటను ఆయన మాటల్లోనే అంకె పక్కన రాయండి. పెద్దవారిని మీటరుతో ఓడించాలని చూస్తే ఇద్దరి పనీ చెడుతుంది. స్క్రూడ్రైవరు బదులు ఆయనకొక మెకానిక్ స్టెతస్కోపు కొనివ్వండి. బెల్టు గార్డు తీసి వినేటప్పుడు మెడలో తువ్వాలు ఉండకూడదని మాత్రం గట్టిగా చెప్పండి, ఈ ఒక్క విషయంలో వయసుకు మర్యాద ఇవ్వనక్కర్లేదు.

అయితే ఆయన్నూ మిమ్మల్నీ కలిపి మోసం చేసే దశ ఒకటుంది. పెరుగుతూ వచ్చిన జీ అంకె ఒక రోజు తగ్గుతుంది, చిటపట కూడా మెత్తబడుతుంది. గ్రీజు పని చేసింది, బేరింగు సర్దుకుంది అనుకుంటారు. సర్దుకున్నది బేరింగు కాదు. పెచ్చు అంచులు అరిగి నునుపైపోయాయి, రేసంతా గరుకైంది, గోళీలకు పడడానికి విడిగా గుంట మిగల్లేదు. ఆ సమయంలో మి.మీ./సె. పెరుగుతూ హౌసింగ్ వేడెక్కుతుంటే ఆ పూటే ఆపేయండి. ‘ఇంకో వారం’ మాట దానికి వర్తించదు.

గ్రీజు కొట్టడం కూడా ఒక పరీక్షే. కొట్టగానే జీ తగ్గి వారాల తరబడి అలాగే ఉంటే లోపం గ్రీజుదే. తగ్గి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఎగబాకితే రేసు దెబ్బతింది. 6310కి ఒకసారి వేయాల్సింది సుమారు 15 గ్రాములు. బయటి వ్యాసం 110, వెడల్పు 27, రెండూ గుణించి 0.005తో గుణిస్తే వచ్చేది అదే. మీ గన్ను పది నొక్కులకు ఎన్ని గ్రాములు వదులుతుందో కిరాణా కొట్టు త్రాసు మీద తూచుకోండి. పక్కల నుంచి ఉబికేదాకా కొట్టడం చాలా మిల్లుల్లో అలవాటు, దానివల్ల బేరింగు లోపల గ్రీజు చిలకబడి వేడెక్కుతుంది.

సెన్సార్ల సంగతి. తేదీతో సహా చెబుతామన్నవారి మాటకు నేనైతే డబ్బు ఇవ్వను. ఒకే తయారీ బేరింగులను ఒకే బరువు మీద, ఒకే వేగంతో నడిపినా ఒకే రోజు పోవు. స్వీడన్ పరిశోధకులు లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ 1947లో ప్రచురించిన సిద్ధాంతం మీద నిలిచిన ఎల్10 అనే ఆయుష్షు లెక్క కూడా నూటికి తొంభై బేరింగులు ఇంతకాలం దాటుతాయని మాత్రమే చెబుతుంది. మిగతా పదిలో మీది ఉందో లేదో చెప్పదు. కంపనాల పరిశీలన ఇచ్చేది హెచ్చరిక, ముహూర్తం కాదు. దగ్గరికి వెళ్లలేని చోట, ఆగితే నష్టం భారీగా ఉండే చోట ఆన్‌లైన్ సెన్సార్లు తప్పనిసరే. కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్ల పక్కన నిలబడి పెన్ను మీటరు పెడతామంటే కుదరదు. పైగా అలాంటి పెద్ద టర్బైన్ల షాఫ్టులు గోళీల మీద కాక నూనె పొర మీద తేలుతాయి, అక్కడి కొలతల పద్ధతే వేరు. నడుచుకుంటూ అరగంటలో చుట్టి రాగల మిల్లులో ఒక మీటరు, ఒక నోటు పుస్తకం చాలు. అయినా కొంటామంటే సెన్సారు ఎన్ని హెర్ట్జ్ వరకు వింటుందో కాగితం మీద రాయించుకోండి. వెయ్యి దగ్గర ఆగిపోయే సెన్సారు మీ చేతిలోని మీటరు చేసే తప్పునే వైరు లేకుండా చేస్తుంది. ఫోను యాప్‌లు కూడా అంతే. ఫోనులోని సెన్సారు సెకనుకు కొన్ని వందల నమూనాలే తీస్తుంది, ఫ్యాను బరువు తేడా పట్టుకోగలదు, బేరింగు పెచ్చును పట్టుకోలేదు.

నోటు పుస్తకంలో యంత్రానికో పేజీ. మీటరు ఆనించే చోట హౌసింగ్ మీద రంగు గీకి, పంచ్‌తో చుక్క పెట్టండి. ఎప్పుడూ అక్కడే, ఎప్పుడూ ఒకే పద్ధతిలో. ఈ వారం చేత్తో నొక్కి, వచ్చే వారం అయస్కాంతంతో అతికిస్తే ఆ రెండు జీ అంకెలనూ పోల్చకూడదు, చేత్తో పట్టుకున్నప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీలు సరిగా అందవు. రేకు మూత మీద, గార్డు మీద పెట్టిన అంకె దేనికీ పనికిరాదు. మిల్లులో ధాన్యం పడుతున్నప్పుడే, నడక మొదలై అరగంట దాటాకే కొలవండి. గ్రీజు వేసిన రోజు, బెల్టు బిగించిన రోజు, వెల్డింగు చేసిన రోజు కూడా ఆ పేజీలోనే ఉండాలి. సీజనులో వారానికోసారి చాలు.

ప్రస్తుతం వేసి ఉన్న బేరింగు కూడా త్వరలో దిగవచ్చు. దాన్ని ఊడదీసే ముందు బయటి రింగు మీద బెల్టు లాగే వైపు ఏదో మార్కరుతో గీత పెట్టండి, ఊడాక ఆ గీత లేకపోతే అరుగుదల ఏ దిక్కుదో తెలియదు. పాతవి ఇంకా ఇనుము బస్తాలోనే ఉంటే వాటినీ వెతికి తీయించండి. లోపలి రింగు, బయటి రింగు విడివిడిగా, ఎండ వెలుతురులో ఫోటోలు తీసి, శుభ్రం చేయక ముందు, చేసిన తర్వాత వచ్చిన మూడు దిక్కుల అంకెలతో కలిపి పంపండి.